అత్తాకోడళ్లంటే పడని కంప్యూటరు

సీడీ కాలుతున్న గదిలో ఇద్దరు మనుషులుంటే ఆ సీడీ పాడైపోతుందని హనోకు పెద్దబాపు అనేవాడు. ఒక సీడీకి ఒక్క మనిషి. అంతే. రెండో మనిషి పాస్టరుగారైనా సరే, పోలీసైనా సరే, కట్టుకున్న భార్యయినా సరే, గడప అవతల నిలబడాల్సిందే. ఒకసారి కిటికీలో పిల్లి కూర్చుంటే దానికీ ఇదే మర్యాద జరిగింది.

"పిల్లి మనిషా పెద్దబాపూ?" అన్నాను.

"శ్వాస తీస్తదా లేదా?"

"తీస్తది."

"మరింకేంది? చక్కెరకు చెమ్మ తగిలితే ముద్దయితది. సీడీకి శ్వాస తగిలితే గట్లనే అయితది. నడువ్, నువ్వు గూడ బయటికి నడువ్."

చక్కెర మాట ఊరికే రాలేదు. పెద్దబాపు బోధన్ చక్కెర కార్ఖానాలో ముప్పై రెండేళ్లు పాకం వండాడు. ఇంత ఎత్తు ఇనుప గంగాళంలో చెరకు రసం చిక్కబడుతూ ఉంటే, చిన్న గాజుముక్క మీద ఒక్క బొట్టు వేసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టి, దాణా, అంటే చక్కెర పలుకు, కట్టిందో లేదో కంటితో చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక గంగాళం పోయింది, కన్ను మిగిలింది. ఆ కన్నుకు పని కావాలి కదా! 2003లో నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్ మూతపడుతుంటే పోయి ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్నాడు.

తెచ్చింది బస్సులో. మానిటర్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పైన తువ్వాల కప్పి, రెండు చేతులా పొదివి పట్టుకున్నాడట.

"పాపకు జరమొచ్చిందా తాతా?" అని కండక్టర్ అడిగాడట.

"లేదు బిడ్డా. కొత్త జాగకు పోతున్నది, గాలి తగులొద్దని," అన్నాడట ఈయన. నవీపేట్ పోవాల్సిన ఒక ముసలమ్మ, పాపం పసిబిడ్డ అనుకుని, లేచి సీటిచ్చి, తప్పు బస్సెక్కానని అప్పుడు చూసుకుందట. ఈ ముక్క ఆయన భార్య శారమ్మ పెద్దవ్వ కల్పించిందని నా అనుమానం. కానీ ఆమె ప్రతిసారీ ఒక్క అక్షరం మారకుండా చెప్పేది.

ఆ కంప్యూటర్‌తో పెద్దబాపు చేసిన పని గల్ఫు ఉత్తరాలు. మా వైపు పల్లెల్లో ఇంటికొకరు మస్కటులోనో దుబాయిలోనో ఉండేవారు. ఫోనంటే కిరాణం దుకాణానికి వచ్చేది, శుక్రవారం నాడు, చుట్టూ అరడజనుమంది నిలబడి వింటుండగా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో "తిన్నవా" అన్నది ఒక్కటే పూర్తిగా పలికే మాట. అందుకని ఇంటివాళ్లు పెద్దబాపు దగ్గరకొచ్చి, మైకు ముందు కూర్చుని, చెప్పాలనుకున్నది చెప్తే, ఆయన దాన్ని సీడీ మీద కాల్చి ఇచ్చేవాడు. అందరూ కాల్చడం అంటారు, ఆయన మాత్రం వండడం అనేవాడు. ఆ సీడీ గల్ఫుకు పోయే ఎవరో ఒకరి పెట్టెలో బట్టల మధ్య చేరేది. అక్కడ మనిషి చిన్న సీడీ ప్లేయరుకు చెవిలో వైర్లు పెట్టుకుని వినేవాడు.

ఇందులో నా పాత్ర ఏమిటంటే, ఆ కంప్యూటరుకు నేను డాక్టరును. రుద్రూర్ దగ్గర పల్లెబడిలో చదివి, నిజామాబాద్‌లో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, బోధన్‌లో మా మెథడిస్టు గుడిలో సండేస్కూల్ చెప్పుకుంటున్న దాన్ని. ఆ మూడు నెలల చదువు చూసుకుని మా పెద్దబాపు నన్ను మహా ఇంజనీరని నమ్మాడు. ఆదివారం ఆరాధన అయిపోగానే గుడి మెట్ల మీదే పట్టుకునేవాడు.

"కమలా, మళ్ల ఖరాబైంది. దాణా కడ్తలేదు. రా బిడ్డా."

మొదట్లో నిజంగానే సీడీలు పాడయ్యేవి. కారణం చేపలు. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తెర మీద రంగురంగుల చేపలు ఈదడం మొదలుపెట్టేవి. అది పాత కంప్యూటరు. చేపలనూ ఈదించి, సీడీనీ కాల్చే శక్తి దానికెక్కడిది? చేప తోక ఊపేసరికి సీడీ సగంలో చచ్చిపోయేది. ఒకసారి అలా చచ్చినప్పుడు పాస్టరుగారు పక్కనే కూర్చుని ఉండడంతో, నేరం ఆయన శ్వాస మీద పడింది. ఇద్దరుండొద్దన్న నియమం ఆ రోజు పుట్టిందే.

నేను చేపలను తీసేశాను. "అయ్యో, మంచిగుండె కదనే," అని శారమ్మ పెద్దవ్వ రెండు రోజులు బాధపడింది. దూదికి స్పిరిట్ అద్ది సీడీ పెట్టే అరలోని అద్దాన్ని తుడిచాను. లోపల కుక్కిన పాటలు తీసేసి చోటు చేశాను. సీడీ కాల్చే వేగం నాలుగు నుంచి రెండుకు దించాను. ఈ చివరిది మాత్రం పెద్దబాపుకు తెగ నచ్చింది.

"నేను మొదటి నుంచి అంటనే ఉన్న. నాలుగుల మంట ఎక్కువైతది. సన్నమంట మీదనే దాణా గట్టిగ కడ్తది."

ఇంత చేసినా సీడీలు పాడవుతూనే ఉన్నాయి. నాకు పట్టుదల వచ్చింది. సండేస్కూల్ హాజరు పుస్తకం వెనకాల గీతలు గీసి, ఏ సీడీ బాగా వచ్చింది, ఏది పాడైంది అని రాయడం మొదలుపెట్టాను. రెండు నెలలయ్యాక చూసుకుంటే నాకు తల తిరిగింది. గుడి పాటల సీడీలు, గదిలో పదిమంది పాడినవి కూడా, శుభ్రంగా ఉన్నాయి. పెళ్లి ఫొటోల సీడీలు బాగున్నాయి. ఒక్క మనిషి మాట్లాడిన గల్ఫు ఉత్తరాలు బాగున్నాయి. నియమం వినకుండా ఇద్దరు కూర్చుని మాట్లాడిన ఉత్తరాల్లోనూ తల్లీకూతుళ్లవి కొన్ని బాగున్నాయి. అత్తాకోడళ్లవి మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా బతకలేదు.

"పెద్దబాపూ, నీ కంప్యూటర్‌కు అత్తాకోడళ్లంటే పడదు," అన్నాను.

"ఎవరికి పడ్తది బిడ్డా," అన్నాడు శాంతంగా.

"యంత్రానికి ఎట్ల తెలుస్తది వాళ్లు అత్తాకోడళ్లని? తెర మీద ఏమని వచ్చింది? ఎర్రర్ నంబరేమన్న చూపించిందా?"

"నంబర్ గింబర్ నాకు తెల్వది. వెలుతురుకు పెట్టి సూసిన. కట్టలే."

ఆ ఏడు మా గుడిలో క్రిస్మస్‌కు కట్టిన నక్షత్రాలన్నీ ఇలా పాడైన సీడీలే. ఎండ పడితే తళతళలాడుతూ, బోధన్ చుట్టుపక్కల అత్తాకోడళ్ల క్షేమసమాచారాలన్నీ గుడి చూరుకు వేలాడాయి.

క్రిస్మస్ అయ్యాక, చెరకు బళ్లు రోడ్డంతా వరసగా నిలబడి, ఊరంతా కాగిన రసం వాసన వేసే రోజుల్లో ఒక ఆదివారం సత్తవ్వ వచ్చింది. రుద్రూర్ వైపు పల్లె, పసుపు, వరి వేసే ఇల్లు. వెనకాల కోడలు వసంతమ్మ, తల దించుకుని. సత్తవ్వ కొడుకు భీమన్న మస్కటుకు పోయి నాలుగేళ్లు. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలో వద్దో ఆ నెలాఖరులోగా అక్కడ చెప్పాలి. అదే ఊరి పోశన్న సెలవు అయిపోయి సోమవారం సాయంత్రం బస్సుకు బయలుదేరుతున్నాడు. అతని చేతికి సీడీ ఇవ్వాలి. ఇది తప్పితే భీమన్న సంతకం పెట్టేలోపు మరో మనిషి మస్కటు పోవడం లేదు.

"అవ్వా, ఒక్కొక్కలు కూసోవాలె. ఇద్దరుంటే డిస్క్ పాడైతది," అని పెద్దబాపు మొదలుపెట్టాడు.

"మేమొక్క ఇంటోళ్లం. ఒక్క పొయ్యి మీద తింటం. మేమిద్దరం ఒకటే లెక్క," అంది సత్తవ్వ.

"మిషన్‌కు గా లెక్క తెల్వదవ్వా."

"తెల్వకుంటే నువ్వు చెప్పు. కంప్యూటర్ గదా, చదువుకున్నది గదా."

ఆమెతో గెలవడం ఎవరి వల్ల కాదు. ఇద్దరూ లోపల కూర్చున్నారు. పెద్దబాపు ఎర్ర మీట నొక్కి బయటికొచ్చి తలుపు వేశాడు. అది కూడా ఆయన పద్ధతే. ఎవరి మాటా వినేవాడు కాదు. సీడీ కాలేటప్పుడు కూడా చప్పుడు పూర్తిగా తగ్గించి, తెర మీద మాటల గీతలు లేస్తున్నాయా లేదా అన్నది మాత్రం చూసేవాడు.

ఇరవై నిమిషాల మాట, ఆ తర్వాత కాల్చడం. సీడీ బయటికి వచ్చింది. పెద్దబాపు దాన్ని తలుపు దగ్గర వెలుతురుకు ఎత్తి, ఇటు వంచి, అటు వంచి, పెదవి విరిచాడు.

"పోయింది. దాణా కట్టలే."

"ముప్పై ఏండ్లు చక్కెర వండినవట, గీ పళ్లెమంత దాన్ని వండనీకె రాదా?" అని సత్తవ్వ అరిచింది.

"చెప్తే విన్నవా అవ్వా? రేపు పొద్దుగాల రాండ్రి. నీదొకటి, ఆమెదొకటి. రెండు డిస్కులు వండుత."

"పోశన్న రేపు పోతున్నడయ్యా!"

"సాయంత్రం గదా. మధ్యాహ్నంలోపు ఇస్త."

సత్తవ్వ తిట్టుకుంటూ పోయింది. వసంతమ్మ పోతూ పోతూ గడప దగ్గర ఒక్కసారి ఆ గది వైపు చూసింది. నోట్లో మాటేదో ఉండి, మింగినట్టు.

పెద్దబాపు వాళ్లను వీధి మలుపు దాకా సాగనంపడానికి పోయాడు. నేను ఆ సీడీని మళ్లీ కంప్యూటర్లో పెట్టాను. పాడైతే ఎక్కడ పాడైందో తెలుస్తుంది కదా అని. అది ఖంగుమని పలికింది. "కొడుకా, మేం మంచిగున్నం. మా గురించి ఫికర్ చెయ్యకు. ఇంకో రెండేండ్లుండు. వసంతా, నువ్వు చెప్పే." తర్వాత సన్నటి గొంతు, "బాగున్న." మళ్లీ సత్తవ్వ.

చటుక్కున ఆపేశాను. ఒకరి ఉత్తరం వినడం తప్పు. కానీ ఆ సీడీకి ఏ రోగమూ లేదు.

పెద్దబాపు తిరిగొచ్చేసరికి నేను వాకిట్లో నిలబడి ఉన్నాను.

"సీడీ మంచిగనే ఉన్నది."

ఆయన చెప్పులు విడిచి, తాపీగా కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

"డిస్క్‌కేమైతది. మాట ఇంక పచ్చిగనే ఉన్నది."

"నువ్వు వినవు కదా?"

"గీతలు సూస్త గదా బిడ్డా. ముసలామె గీత లేస్తనే ఉన్నది. ఆ పొల్ల గీత ఒక్కసారి లేసి పండుకున్నది. నాలుగేండ్లైంది మొగడు పోయి. ఒక్క గీతనా?" తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "నన్ను కన్న మా అవ్వకూ మీ పెద్దవ్వకూ నడుమ పద్దెనిమిదేండ్లున్న నేను. ఇద్దరూ ఒక్కతాన ఉన్నప్పుడు 'మంచిగున్నం' అననోళ్లు లేరు. వాళ్ల మనసుల ఏమున్నదో నాకెవ్వలూ చెప్పలే. నేను అడగలే."

"మరి ఇన్ని అబద్ధాలెందుకు? ఒక్కొక్కరే కూర్చోండి, మనసు విప్పి చెప్పుకోండి అనొచ్చు కదా."

"అంటే కూసుంటరా? కోడలొక్కతే కూసుంటనంటే ఇంట్ల లొల్లి గాదా? మిషన్ అన్నది అంటే ఎవలకూ కోపం రాదు."

"అయినా అబద్ధమే కదా. నువ్వు గుడి పెద్దవు."

"అబద్ధమే," అన్నాడు తల వంచి. "ప్రతి ఆదివారం మోకాళ్ల మీద పడి ఒప్పుకుంటనే ఉన్న. ఇంటికొచ్చేటాల్లకు ఇంకో అత్తాకోడళ్లు వాకిట్ల కూసోని ఉంటరు."

నాకు నవ్వాలో, దేవుడికి చెప్పాలో తెలియలేదు. నవ్వాను.

సోమవారం తొమ్మిదింటికే ఇద్దరూ వచ్చారు. మధ్యాహ్నం పన్నెండుకు కరెంటు పోతుంది, అది ఆ రోజుల్లో ఊరందరికీ తెలిసిన టైము. ముందు సత్తవ్వ లోపలికి పోయింది. అరగంటలో వస్తానన్న మనిషి గంటన్నరకు వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "గా గది ఉక్కపోస్తున్నది," అంది. ఆమె సీడీ కాలేసరికి పదకొండు దాటింది.

తర్వాత వసంతమ్మ. తలుపు పడింది. సత్తవ్వ చెవి ఆ తలుపు వైపే. పెద్దవ్వ ఆమెను పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "రా వదినె, చాయ పెట్టిన, నీ చేతితోని చక్కెర సరిగ్గ ఏసుకో," అని. నేను కిటికీ సందులోంచి తెర వైపు మాత్రం చూస్తున్నాను. గీత చదునుగా ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పంట కోసిన పొలంలా.

"పెద్దబాపూ, టైమైపోతున్నది. పోయి ఏదన్న చెప్పు."

"ఉడకనియ్యి," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడు.

పావుగంట దాటాక గీత ఒక్కసారి ఎగిరింది. ఇక ఆగలేదు. లేస్తూ పడుతూ, మళ్లీ లేస్తూ. ఒకచోట ముళ్లలా వరసగా వచ్చింది. ఏడుపో నవ్వో నాకు తెలియదు.

ఆమె బయటికి వచ్చేసరికి పన్నెండుకు పన్నెండు నిమిషాలు. పెద్దబాపు సీడీ పెట్టి కాల్చడం మొదలుపెట్టాడు. డెబ్బై శాతం. ఎనభై. పన్నెండు కొట్టింది, కరెంటు పోయింది. కంప్యూటర్ కింది యూపీఎస్ కీచుకీచుమని అరవసాగింది. దాని ప్రాణం నాలుగు నిమిషాలు. "ఎవ్వలూ కదలకుండ్రి!" అన్నాడు పెద్దబాపు. సత్తవ్వ చాయ కప్పు చేతిలో పట్టుకుని విగ్రహంలా నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో ఆమెకూ తెలియదు. తొంభై ఐదు. తొంభై తొమ్మిది. వంద. అయిపోయిందని అక్షరాలు పడ్డాయి, యూపీఎస్ ఆఖరి కూత కూసింది, తెర నల్లబడింది.

సీడీ లోపలే ఉండిపోయింది. మీట నొక్కితే అర తెరుచుకోదు, కరెంటు లేదు. కరెంటు నాలుగింటికి వస్తుంది. పోశన్న బస్సు ఊరి నుంచి కదిలేది నాలుగింటికే.

"పిన్నీసు!" అన్నాను. ఆ అర ముందు సూది మొనంత బెజ్జం ఉంటుంది. అందులో సన్నటిదేదైనా గుచ్చి నెడితే అర కొంచెం బయటికి వస్తుంది. నా మూడు నెలల చదువులో మిగిలిన ఒకే ఒక్క గొప్ప విద్య అది.

వసంతమ్మ కొంగు తడుముకుంది, లేదు. పెద్దవ్వ తడుముకుంది, లేదు. సత్తవ్వ విసవిసా నడిచి వచ్చి, పుస్తెలతాడుకు వేలాడుతున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి లాగి నా చేతిలో పెట్టింది.

"మెల్లగ గుచ్చే పొల్లా. దాని మాట యాడన్న గీసుకపోతది."

అర బయటికి వచ్చింది. పెద్దబాపు సీడీని ఎండకు ఎత్తి పట్టాడు. ఇటు వంచాడు, అటు వంచాడు. మేమందరం ఆయన ముఖం వైపే చూస్తున్నాం.

"కట్టింది," అన్నాడు. "గోధుమ గింజంత దాణా."

భీమన్న మామిడికాయల కాలంలో వచ్చాడు. సంతకం పెట్టలేదు, పెట్టె సర్దుకుని వచ్చేశాడు. వచ్చిన నాలుగో రోజున ఖర్జూరాల డబ్బా పట్టుకుని పెద్దబాపు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగితే కదా చెప్పడానికి.

"పెద్దయ్యా, రెండు డిస్కులు విన్న. అవ్వది విన్న. 'నాకు మోకాళ్లు నొస్తున్నయి కొడుకా, నిన్ను సూడాలనున్నది, వచ్చెయ్. నేను చెప్పిన అని వసంతకు చెప్పకు, అది నువ్వు ఉండాలనుకుంటున్నది' అన్నది. వసంతది విన్న. 'ఒక్కదాన్ని ఉండలేకపోతున్న, వచ్చెయ్. నేను చెప్పిన అని అత్తకు చెప్పకు, ఆమె నువ్వు ఉండాలనుకుంటున్నది' అన్నది."

"మరి నువ్వేం చెప్పినవ్ ఇంట్ల?" అంది పెద్దవ్వ.

"నాకే మనసైంది, వచ్చిన అని చెప్పిన. ఇద్దరూ నన్ను తిట్టిండ్రు. ఇద్దరూ రెండు రకాల కూరలు వండిండ్రు."

అతను పోయాక పెద్దవ్వ చాలాసేపు ఖర్జూరం గింజ ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. తర్వాత లేచి కంప్యూటర్ గదిలోకి పోయి మైకు ముందు కూర్చుంది.

"ఏమయ్యా, నన్ను గూడ ఎక్కియ్యి."

"నువ్వెవరికి పంపుతవ్? మనోళ్లెవరున్నరు మస్కటుల?" అన్నాడు పెద్దబాపు.

"నీకెందుకు? ఎర్రది నొక్కి బయటికి నడువ్. ఇద్దరుంటే పాడైతదని నువ్వే అంటివి."

ఆయన నొక్కి, బయటికి వచ్చి, తలుపు వేసి, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. గంట సేపు. గల్ఫుకు పోయినవాళ్లందరి ఇళ్లలో ఏముందో గీత చూసి చెప్పగల మనిషి, ఆ రోజు కిటికీ వైపు కూడా చూడలేకపోయాడు. పెద్దవ్వ బయటికి వచ్చి సీడీ వండించుకుని, చేతిలోకి తీసుకుని, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇగో. నీకే."

మర్నాడు ఆయన చెవుల్లో వైర్లు పెట్టుకుని పెరట్లో కూర్చుని విన్నాడు. ఏం విన్నాడో దేవుడికి తెలుసు. మాకు తెలిసిందల్లా, ఆ మరుసటి రోజు నుంచి పొద్దున్నే నల్లా దగ్గర బిందెలతో వరసలో పెద్దవ్వకు బదులు నిలబడేది హనోకు పెద్దబాపు. ఆడవాళ్లంతా నవ్వితే, "డాక్టర్ చెప్పిండు, నడుము ఆడాలెనట," అనేవాడు. ఇది ఆదివారం ఒప్పుకోవాల్సిన ఎన్నవ అబద్ధమో నేను లెక్క పెట్టలేదు.

ఇప్పుడు ఏ పల్లెలో చూసినా ఫోనులో మనిషి బొమ్మే కనబడుతుంది. భార్య మాట్లాడుతుంటే వెనకాల ఆరు తలకాయలు, ముందు ఒక పసిపాప, పక్కన అత్త. అందరూ "మంచిగున్నం" అంటారు. అది చూసినప్పుడల్లా నాకు తలుపు వేసిన ఆ గది మీద మనసు పోతుంది. అరుగు మీద కాపలా కూర్చుని, పిల్లిని కూడా తోలేసి, ఒక మనిషికి గంటసేపు తనదైన చోటు ఇచ్చినవాడు మళ్లీ నాకు కనబడలేదు. పెద్దబాపు ప్రభువు దగ్గరికి పోయి పన్నెండేళ్లు.

పోయిన నెలలో పెద్దవ్వ బీరువా సర్దుతుంటే ఆ సీడీ దొరికింది. అలాంటి సీడీ పెట్టే యంత్రాలే ఇప్పుడు దొరకడం లేదు. ఎక్కడెక్కడో అడిగి ఒకటి సంపాదించి, సంబరంగా పట్టుకుపోయాను.

"పెద్దవ్వా, ఇది మళ్లీ వినిపించనా?"

ఆమె సీడీ తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ చీరల మడతలో పెట్టేసింది.

"నాకెందుకే? నా మాటలు నాకు తెల్వయా? వినాల్సినాయన విన్నడు. ఆయన చచ్చేదాక ఎన్ని బిందెలు మోసిండో నువ్వు సూడలేదా?"